ప్లేఆఫ్స్‌లో బెంచ్ బలం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్ మనకు తెల్లవారాక వస్తాయి. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదిన్నరకు మొదలయ్యే మ్యాచ్ మన గడియారంలో ఉదయం ఆరు గంటలకు పడుతుంది. కాఫీ తాగడం పూర్తయ్యేసరికి మొదటి క్వార్టర్ అయిపోతుంది. రెండో క్వార్టర్ మొదట్లో స్టార్ వెళ్ళి తువ్వాలు కప్పుకుని కూర్చుంటాడు. వెంటనే వాట్సాప్ గ్రూపులో గోల మొదలవుతుంది: "అతన్నెందుకు కూర్చోబెట్టాడు?" ఆ గోలలోంచి ఏరిన ప్రశ్నలే ఇవి. క్రికెట్ బాగా తెలిసి, బాస్కెట్‌బాల్ ఈమధ్యే చూడటం మొదలుపెట్టినవాళ్ళను మనసులో పెట్టుకుని జవాబులు రాశాను.

బెంచ్ డెప్త్ అంటే జట్టులో ఎంతమంది ఉన్నారనా?

కాదు. మామూలు కాంట్రాక్టు మీద ఏ జట్టయినా 15 మంది దాకా పెట్టుకోవచ్చు. ఆ లెక్కన అందరి బెంచీ ఒకటే పొడవు. కోర్టులో ఐదుగురు ఆడతారు, మార్పులకు పరిమితి లేదు. బయటికెళ్ళినవాడు ఎన్నిసార్లయినా తిరిగి రావచ్చు. కాబట్టి ఇది మంచినీళ్ళ సీసా పట్టుకుని పరిగెత్తే పన్నెండో ఆటగాడి వ్యవహారం కాదు. ఐపీఎల్‌లో 2023 నుంచి ఉన్న ఇంపాక్ట్ ప్లేయర్‌ని మ్యాచ్‌కి ఒక్కసారే దించుతారు. ఇక్కడ ప్రతి నాలుగైదు నిమిషాలకూ ఒక ఇంపాక్ట్ ప్లేయర్ దిగుతూనే ఉంటాడు.

నా లెక్కలో డెప్త్‌కి ఒకటే కొలత. మీవాడు బెంచ్ మీంచి లేచి జాకెట్ విప్పుతున్నప్పుడు అవతలి కోచ్ మొహం వెలిగిందా, లేదా? వెలగకుండా ఎంతమందిని దించగలరో అంతే మీ డెప్త్. కొన్ని జట్లకు అది పది మంది, కొన్నిటికి ఆరుగురు. కాగితం మీద పదిహేను పేర్లున్నా ఆరుగురే లెక్కకొచ్చే జట్లు ప్రతి ఏడాదీ కనిపిస్తాయి.

సీజన్ అంతా పది మంది ఆడి, ప్లేఆఫ్స్ రాగానే ఎనిమిది మందే ఆడతారెందుకు?

ముందు కూడికలు చూద్దాం. మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టులో ఐదుగురు, అంటే కోచ్ పంచాల్సినవి 240 నిమిషాలు. సీజన్‌లో స్టార్టర్లకు (మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురికి) తలా 33 చొప్పున ఇస్తే 165 పోతాయి, మిగతావాళ్ళకు 75 మిగులుతాయి. ఐదుగురికి పదిహేనేసి నిమిషాలు ఇచ్చుకోవచ్చు. ప్లేఆఫ్స్‌లో స్టార్టర్లను 38 దాకా లాగితే మిగిలేవి 50. వాటిని ముగ్గురు పంచుకునేసరికే అయిపోతాయి, తొమ్మిదోవాడికి తువ్వాలే మిగులుతుంది.

స్టార్టర్లను అంతసేపు లాగడం ఎలా కుదురుతుందంటే, షెడ్యూలు మారిపోతుంది. సీజన్‌లో 82 మ్యాచ్‌లు, ఈ రాత్రి ఒక ఊళ్ళో, రేపు రాత్రి ఇంకో ఊళ్ళో ఆడాల్సిన రోజులు బోలెడు. ప్లేఆఫ్స్‌లో మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య కనీసం ఒక రోజు ఖాళీ దొరుకుతుంది. ఒక రోజు పడుకుని లేస్తే నలభై నిమిషాలు ఆడగలననే ధైర్యం స్టార్‌కీ ఉంటుంది, కోచ్‌కీ ఉంటుంది.

ఇంకో కారణం అసలైనది. సీజన్‌లో ప్రత్యర్థి మీతో ఒక్క రాత్రి ఆడి వెళ్ళిపోతాడు. ప్లేఆఫ్స్‌లో ఏడు మ్యాచ్‌ల దాకా (ముందు నాలుగు గెలిచినవాళ్ళదే సిరీస్) అదే జట్టు, అవే మొహాలు. మీ ఎనిమిదోవాడికి ఎడమవైపు కదలడం రాదని మొదటి మ్యాచ్‌లో పట్టేస్తారు. రెండో మ్యాచ్ నుంచి బంతి తమ చేతికొచ్చిన ప్రతిసారీ తమ స్టార్ ఎదురుగా అతనే నిలబడేలా స్క్రీన్ల మీద స్క్రీన్లు (కాపలా ఉన్నవాడికి అడ్డంగా నిలబడి ఆపడం) పెడతారు. దీన్ని వేట అంటారు, నిజంగా వేటే. షూటింగ్ రాని వాడైతే అసలు గార్డే చెయ్యరు. అతన్ని గాలికొదిలేసి ఆ మనిషిని తీసుకెళ్ళి మీ స్టార్ మీద రెండోవాడిగా పెడతారు. సీజన్‌లో పది మందిలో ఒకడిగా చెల్లిపోయినవాడు ఇక్కడ చెల్లడు.

అలాగైతే ప్లేఆఫ్స్‌లో బెంచ్ విలువ తగ్గుతుందన్నమాటేగా?

చాలా ఏళ్ళు అందరూ అలాగే అన్నారు. ఉదాహరణగా చూపించేది 2018 టొరంటో రాప్టర్స్‌ని.

ఆ ఏడాది రాప్టర్స్ 59 మ్యాచ్‌లు గెలిచి తూర్పు విభాగంలో మొదటి స్థానంలో నిలిచారు. వాళ్ళ బెంచ్‌కి 'బెంచ్ మాబ్' అని ముద్దుపేరు కూడా పడింది. ఫ్రెడ్ వాన్‌వ్లీట్, డెలన్ రైట్, పాస్కల్ సియాకమ్, జేకబ్ పోల్టల్, సి.జె. మైల్స్ దిగారంటే లీడ్ పెరిగేది. తీరా సీజన్ చివరి మ్యాచ్‌లో వాన్‌వ్లీట్ భుజానికి దెబ్బ తగిలింది. రెండో రౌండ్‌లో లెబ్రాన్ జేమ్స్ క్లీవ్‌లాండ్ ఎదురైంది. మొదటి మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింటు తేడాతో పోయింది, మూడోది లెబ్రాన్ ఆఖరి క్షణంలో పరిగెత్తుతూ ఒంటిచేత్తో బోర్డుకి తగిలించి వేసిన షాట్‌తో పోయింది. మొత్తం 4-0. కోచ్ డ్వేన్ కేసీని పీకేశారు. తర్వాత నెలలో ఆయనకే ఆ ఏటి ఉత్తమ కోచ్ అవార్డు వచ్చింది! ఇలాంటివి కల్పించి రాస్తే నమ్మరు.

అప్పట్నుంచి "బెంచ్ సీజన్ గెలిపిస్తుంది, స్టార్లు టైటిల్ గెలిపిస్తారు" అనేది అందరి నోటా పడింది. నాకైతే ఆ సిరీస్ చెప్పేది వేరుగా వినిపిస్తుంది. బెంచ్ మాబ్ బలం ఐదుగురూ కలిసి దిగడంలో ఉంది. ప్లేఆఫ్స్‌లో ఆ ఐదుగురినీ కలిపి దించే తీరిక ఏ కోచ్‌కీ ఉండదు. స్టార్ల పక్కన ఒక్కొక్కడుగా ఇమడాలి. ఆ ఏడాది వాళ్ళు ఇమడలేదు. మరుసటి ఏడాది అదే వాన్‌వ్లీట్, అదే సియాకమ్ ఇమిడారు. 2019 ఫైనల్స్ ఆఖరి మ్యాచ్‌లో వాన్‌వ్లీట్ బెంచ్ నుంచి వచ్చి 22 పాయింట్లు కొట్టాడు. అందులో 12 నాలుగో క్వార్టర్‌లోనే. టైటిల్ టొరంటోకి పోయింది.

బెంచ్ ఒక్కటే తిప్పేసిన ఫైనల్స్ మ్యాచ్ ఏదైనా చూపించగలరా?

2025 ఫైనల్స్ మూడో మ్యాచ్, ఇండియానాపొలిస్‌లో. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమనుకోకండి.

ఒకపక్క ఓక్లహోమా సిటీ థండర్: ఆ సీజన్‌లో 68 గెలుపులు, లీగ్ ఉత్తమ ఆటగాడు షై గిల్జస్-అలెగ్జాండర్. ఇంకోపక్క 50 గెలుపుల ఇండియానా పేసర్స్. సిరీస్ 1-1. మూడు క్వార్టర్లు అయ్యేసరికి థండర్ 89-84తో ముందున్నారు. నాలుగో క్వార్టర్ పేసర్స్ 32, థండర్ 18. చివరికి 116-107.

ఆ మ్యాచ్‌లో పేసర్స్ బెంచ్ 49 పాయింట్లు చేస్తే థండర్ బెంచ్ 18 చేసింది. బెనెడిక్ట్ మాథురిన్ 22 నిమిషాల్లో 27 కొట్టాడు. భుజం ఆపరేషన్‌తో అంతకు ముందు ఏడాది ప్లేఆఫ్స్ మొత్తం సూటేసుకుని పక్కన కూర్చుని చూసినవాడు. ఆ ఆకలి కనిపించింది.

నాకు గుర్తుండిపోయింది మాత్రం టి.జె. మెకానెల్. ఆరడుగుల ఒక్క అంగుళం, 33 ఏళ్ళు, డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే చోట) ఎవరూ ఎంచుకోని మనిషి. పేసర్స్ బాస్కెట్ వేస్తారు, అందరూ వెనక్కి పరిగెత్తుతారు. ఇతను రెండడుగులు వేసి ఆగిపోతాడు. థండర్ ఆటగాడు బంతి తీసుకుని గీత బయటినుంచి పక్కవాడికి తాపీగా విసురుతాడు. అప్పటికే మెకానెల్ మధ్యలో ఉంటాడు. బంతి అతని చేతిలో, లేఅప్ (రింగు దగ్గరికెళ్ళి వేసే సులువు షాట్). టీవీ కెమెరా ఇంకా అవతలి కొసకి తిరుగుతూనే ఉంటుంది. ఇలా ఒకసారి జరిగితే అజాగ్రత్త అనుకోవచ్చు. ఒకే మ్యాచ్‌లో మళ్ళీ మళ్ళీ జరిగింది. 10 పాయింట్లు, 5 అసిస్టులు (బాస్కెట్‌కి దారితీసిన పాసులు), 5 స్టీల్స్ (లాక్కున్న బంతులు). ఫైనల్స్‌లో బెంచ్ నుంచి వచ్చి ఈ మూడు అంకెలూ ఒకే మ్యాచ్‌లో అందుకున్నవాడు అంతకు ముందెవరూ లేరు.

అతను స్టార్టర్ అయితే ఇలా ఆడగలడా? ఆడలేడు. 36 నిమిషాలు అలా కోర్టు పొడవునా వెంటపడితే ఎవరికైనా ఊపిరి ఆగుతుంది. పదిహేను నిమిషాలే ఆడతానని తెలుసు కాబట్టే ఒంట్లో ఉన్నదంతా ఆ పదిహేను నిమిషాల్లో పిండేస్తాడు. బెంచ్ ఆటగాడికీ స్టార్టర్‌కీ తేడా ప్రతిభలోనే ఉండక్కర్లేదు, ఉన్న సత్తువను ఎంత వేగంగా ఖర్చుపెట్టగలడన్న దాంట్లోనూ ఉంటుంది.

మరి అంత బెంచ్ ఉన్న పేసర్స్ ఎందుకు ఓడిపోయారు?

అవతలి బెంచ్ కూడా తక్కువది కాదు కాబట్టి. రెండో మ్యాచ్‌లో థండర్ తరఫున ఎలెక్స్ కరూసో 20, ఆరన్ విగ్గిన్స్ 18, ఇద్దరూ బెంచ్ నుంచే. నాలుగో మ్యాచ్‌లో కరూసో మళ్ళీ 20. ఆ మ్యాచ్ పోయుంటే థండర్ 3-1తో వెనకపడేవాళ్ళు.

ఏడో మ్యాచ్ మొదటి క్వార్టర్‌లోనే పేసర్స్ స్టార్ టైరీస్ హాలిబర్టన్ మడమ వెనక స్నాయువు తెగింది. అయినా హాఫ్‌టైమ్‌కి 48-47తో పేసర్సే ముందున్నారు. మూడో క్వార్టర్‌లో మెకానెల్ ఒక్కడే 12 కొట్టి నెట్టుకొచ్చాడు, మాథురిన్ మ్యాచ్ మొత్తం మీద 24 పాయింట్లు, 13 రీబౌండ్లు (పడని షాట్ల బంతి అందుకోవడం). కానీ బంతి పట్టుకుని ఆట నడిపేవాడు పోయాక ఆ 48 నిమిషాల బరువు మోయడం బెంచ్ వల్ల కాలేదు. 103-91తో టైటిల్ థండర్‌ది. బెంచ్ స్టార్ పక్కన నిలబడగలదు. స్టార్ స్థానంలో ఒక క్వార్టర్ నిలబడగలదు. అంతకు మించి అడగడం అన్యాయం.

అలసట నిజంగా అంత పెద్ద సంగతా? వీళ్ళు కోట్లు తీసుకునే ప్రొఫెషనల్స్ కదా?

డబ్బు తొడ కండరాలకు తెలియదు.

2015 ఫైనల్స్ గుర్తుతెచ్చుకోండి. క్లీవ్‌లాండ్‌లో కెవిన్ లవ్ మొదటి రౌండ్‌లోనే భుజం దెబ్బతో పోయాడు. కైరీ అర్వింగ్ ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో మోకాలి చిప్ప విరగ్గొట్టుకున్నాడు. మిగిలింది లెబ్రాన్. సగటున 45 నిమిషాలకు పైగా ఆడి, మ్యాచ్‌కి దాదాపు 36 పాయింట్లు కొట్టాడు. గోల్డెన్ స్టేట్ మీద 2-1తో ఆధిక్యం కూడా తెచ్చాడు. మూడో మ్యాచ్ అయ్యాక అతని తోటి గార్డు మాథ్యూ డెలవెడోవా ఒళ్ళంతా తిమ్మిర్లు పట్టి ఆసుపత్రిలో పడ్డాడు. నాలుగో మ్యాచ్ 103-82. క్లీవ్‌లాండ్ ఇక ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

2018 పశ్చిమ ఫైనల్స్‌లో హ్యూస్టన్ రాకెట్స్‌ది ఇంకో రకం. గోల్డెన్ స్టేట్ మీద 3-2 ఆధిక్యంలో ఉండగా క్రిస్ పాల్ తొడ పట్టేసింది. అప్పటికే చిన్న రొటేషన్ (మ్యాచ్‌లో మార్చి మార్చి దించే ఆటగాళ్ళు) ఇంకా చిన్నదైంది. ఏడో మ్యాచ్ హాఫ్‌టైమ్‌కి 11 పాయింట్లు ముందున్నారు. తర్వాత త్రీలు (దూరంనుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తే పడటం మానేశాయి. వరసగా 27 త్రీలు తప్పాయి. దీన్ని దురదృష్టం అనేవాళ్ళున్నారు, అందులో నిజం లేకపోలేదు. కానీ త్రీ అనేది చేతులతో వేసే షాట్ కాదు, కాళ్ళతో వేసేది. కాళ్ళలో సత్తువ తగ్గితే బంతి రిమ్ ముందు అంచుకి తగిలి కింద పడుతుంది. ఆ మ్యాచ్ మళ్ళీ చూస్తే మీకే అర్థమవుతుంది.

పేసర్స్ దీన్నే ఆయుధంగా చేసుకున్నారు. తొమ్మిది, పది మందిని తిప్పుతూ, బంతిని కోర్టు మొత్తం వెంటాడుతూ, బాస్కెట్ పడ్డా పడకపోయినా పరిగెత్తుతూనే ఉండి అవతలివాళ్ళ కాళ్ళు తియ్యడం వాళ్ళ పద్ధతి. 2025లో న్యూయార్క్ నిక్స్ ఆ పద్ధతికే బలయ్యారు. నిక్స్ కోచ్ టామ్ తిబడో స్టార్టర్లను ఎక్కువసేపు ఆడిస్తాడని పేరు. తూర్పు ఫైనల్స్‌లో 0-2 అయ్యాక, మూడో మ్యాచ్‌లో అంతదాకా అటకమీద పెట్టిన లాండ్రీ షామెట్‌నీ, డెలన్ రైట్‌నీ దించాడు (అవును, బెంచ్ మాబ్ డెలన్ రైటే). ఇరవై పాయింట్ల లోటు పూడ్చి ఆ మ్యాచ్ నిక్స్ గెలిచారు. కానీ సిరీస్ 4-2తో పోయింది. 2025 జూన్ 3న తిబడో ఉద్యోగమూ పోయింది. ఆ బెంచ్‌ని డిసెంబరులో అలవాటు చేసి ఉంటే ఏమయ్యేదో అని నిక్స్ అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటారు.

కోచ్ బెంచ్ ఆటగాణ్ణి స్టార్టర్‌గా మార్చేస్తే అది డెప్త్ కిందికే వస్తుందా?

వస్తుంది. అసలు డెప్త్‌లో అత్యంత ఖరీదైన ముక్క అదే. సిరీస్‌లో వెనకపడ్డప్పుడు మార్చడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా.

2011 ఫైనల్స్‌లో డల్లాస్ మావరిక్స్ 2-1తో వెనకపడి ఉన్నారు. ఎదురుగా లెబ్రాన్, వేడ్, బాష్‌లతో మయామీ హీట్. కోచ్ రిక్ కార్లైల్ నాలుగో మ్యాచ్‌కి పొట్టి జె.జె. బరేయాని స్టార్టర్ చేసి డీషాన్ స్టీవెన్సన్‌ని బెంచ్‌కి పంపాడు. తర్వాత మూడూ గెలిచారు. ఆరో మ్యాచ్ ఫస్టాఫ్‌లో డల్లాస్ స్టార్ డర్క్ నొవిట్స్కీ 12 షాట్లలో ఒక్కటే వేశాడు. ఏ జట్టయినా అక్కడే మునగాలి. బెంచ్ నుంచి వచ్చిన జేసన్ టెరీ ఆ ఫస్టాఫ్‌లోనే 19 కొట్టాడు, మొత్తం 27. స్టీవెన్సన్ అలిగి కూర్చోకుండా వచ్చి మూడు త్రీలు వేశాడు. డల్లాస్‌లో ఉండే మనవాళ్ళను అడిగితే నొవిట్స్కీ కప్పు అంటారు. నేను మాత్రం టెరీకి సగం వాటా రాస్తాను. ఇంతకీ ఈ కార్లైలే 2025లో పేసర్స్ కోచ్.

2015లో గోల్డెన్ స్టేట్‌దీ ఇదే కథ. ఆండ్రే ఇగుడాలా పదేళ్ళ కెరీర్‌లో ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ స్టార్టరే. కొత్త కోచ్ స్టీవ్ కెర్ వచ్చి 'నువ్వు బెంచ్ నుంచి రా' అన్నాడు. ఆ సీజన్ మొత్తం ఒక్క మ్యాచ్ కూడా స్టార్ట్ చెయ్యలేదు. ఫైనల్స్‌లో 2-1తో వెనకపడ్డాక పొడుగు సెంటర్ ఆండ్రూ బోగట్‌ని తీసేసి ఇగుడాలాని స్టార్టర్ చేశారు. ఈ ఆలోచన ఇచ్చింది పెద్ద అసిస్టెంట్ కోచ్ కాదు, నిక్ యురెన్ అనే కుర్ర సహాయకుడు. మూడు మ్యాచ్‌లూ గెలిచారు, ఇగుడాలాకే ఫైనల్స్ ఎంవీపీ. బెంచ్ అంటే ఆటగాళ్ళ కుర్చీలే కాదు, వాళ్ళ వెనక వరసలో ల్యాప్‌టాప్‌లు పట్టుకుని కూర్చునేవాళ్ళు కూడా.

'సిక్స్త్ మ్యాన్' అంటే ఆరో అత్యుత్తమ ఆటగాడా?

ఆరోవాడు కాదు, ఆరోగా దిగేవాడు. చాలాసార్లు జట్టులో రెండో, మూడో ఉత్తముడే అయ్యుంటాడు. 1950ల్లో బోస్టన్ సెల్టిక్స్ కోచ్ రెడ్ ఔర్‌బాక్ ఫ్రాంక్ రామ్సీతో ఈ పద్ధతి మొదలుపెట్టాడు. అవతలి స్టార్టర్లు కాస్త అలిసిన సమయానికి తాజా కాళ్ళతో మంచి ఆటగాణ్ణి వదలడం. తర్వాత ఆ కుర్చీలోకి జాన్ హావ్లిచెక్ వచ్చాడు. ఇప్పుడిచ్చే సిక్స్త్ మ్యాన్ ట్రోఫీ అతని పేరు మీదే ఉంది. అవార్డు మొదలైంది 1982-83 సీజన్‌లో. మొదటి విజేత ఫిలడెల్ఫియా బాబీ జోన్స్, ఆ ఏడు కప్పు కూడా ఫిలడెల్ఫియాదే.

మంచి స్టార్టర్లు ఉండి, ఒక్క పొజిషన్‌లోనే బెంచ్ పలచగా ఉంటే పర్లేదా?

పర్లేదనుకున్నవాళ్ళలో 73 గెలుపుల జట్టు కూడా ఉంది. 2016 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో గోల్డెన్ స్టేట్ బెంచ్ 45 పాయింట్లు కొడితే క్లీవ్‌లాండ్ బెంచ్ కొట్టింది 10. షాన్ లివింగ్‌స్టన్ ఒక్కడే 20. ఇక వీళ్ళ బెంచ్‌కి తిరుగులేదన్నారు. 3-1 దాకా వెళ్ళారు. ఐదో మ్యాచ్‌లో బోగట్ మోకాలు పోయింది. పొడుగువాళ్ళ జాగాలో గట్టి మనిషి మరొకడు లేడు.

ఏడో మ్యాచ్ నాలుగో క్వార్టర్. గోల్డెన్ స్టేట్ 87-83తో ముందుంది. కోర్టులో సెంటర్ ఫెస్టస్ ఎజీలీ. క్లీవ్‌లాండ్ ఒక స్క్రీన్ పెట్టింది, లెబ్రాన్ ఎదురుగా ఎజీలీ మిగిలాడు. లెబ్రాన్ షాట్ వేస్తున్నట్టు కదిలాడు, ఎజీలీ గాల్లోకి లేచాడు, ఫౌల్. మూడు ఫ్రీ త్రోలూ పడ్డాయి. కాసేపటికి మళ్ళీ అదే ఎజీలీ, మళ్ళీ అదే లెబ్రాన్. ఈసారి లేవకుండా నిలబడ్డాడు, నెత్తి మీంచి త్రీ పడింది. 89-87. ఎజీలీ చెడ్డ ఆటగాడు కాదు. ఆ క్షణంలో ఆ చోట ఉండాల్సినవాడు కాదు, అంతే. బెంచ్ మీద వేరే మంచి ఆటగాళ్ళు ఉన్నా ఆ ఖాళీ పూడలేదు. 93-89తో కప్పు క్లీవ్‌లాండ్‌కి వెళ్ళింది.

చిన్న రొటేషన్‌తో కప్పు కొట్టినవాళ్ళే లేరా?

ఉన్నారు. 2023 డెన్వర్ నగ్గెట్స్ దాదాపు ఎనిమిది మందితోనే లాగించేశారు. ఆ బెంచ్‌లో దిగినవాళ్ళు కొద్దిమందే, కానీ చెల్లేవాళ్ళు. ఫైనల్స్ మూడో మ్యాచ్‌లో క్రిస్టియన్ బ్రౌన్ 15, నాలుగో మ్యాచ్‌లో బ్రూస్ బ్రౌన్ 21. మయామీ మీద 4-1.

తర్వాత బ్రూస్ బ్రౌన్ ఎక్కువ జీతానికి వెళ్ళిపోయాడు, అలా ఒక్కో ఇటుకా రాలింది. 2025లో థండర్ మీద రెండో రౌండ్ ఏడో మ్యాచ్‌కి వచ్చేసరికి ఆరన్ గోర్డన్ తొడ కండరం చిరిగినా కట్టు కట్టుకుని ఆడాడు. దించడానికి ఇంకో మనిషి లేడు మరి. ఆ మ్యాచ్‌లో థండర్ చేసిన పని చూడండి: ఆరడుగుల పదకొండు అంగుళాల డెన్వర్ స్టార్ నికోలా యోకిచ్ మీదికి, అతనికంటే అర అడుగు పొట్టివాడైన కరూసోని వదిలారు. యోకిచ్ నడుముకి అడ్డంపడి, ముందుకొచ్చి, చేతులు జొనిపి బంతి అందకుండా చేశాడు. యోకిచ్‌కి 20 పాయింట్లే వచ్చాయి, డెన్వర్ 125-93తో చిత్తయింది. పొడవైన రొటేషన్లు ఉన్న జట్లే గెలుస్తున్నట్టుందని మ్యాచ్ అయ్యాక యోకిచే అన్నాడు. ఆ వేసవిలో డెన్వర్ చేసిన మొదటి పనుల్లో ఒకటి బ్రూస్ బ్రౌన్‌ని వెనక్కి తెచ్చుకోవడం.

డబ్బున్న జట్టు మంచి బెంచ్ కొనేసుకోవచ్చుగా?

ఒకప్పుడు కొనేవాళ్ళు. లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య 2023 ఒప్పందంలో 'రెండో ఏప్రన్' అని ఒక గీత గీశారు. మొత్తం జీతాలు ఆ గీత దాటితే పన్ను మాత్రమే కాదు, చేతులు కట్టేస్తారు. ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడికి ట్రేడ్ చెయ్యకూడదు, మధ్యస్థాయి జీతంతో బయటివాణ్ణి తీసుకునే వెసులుబాటు ఉండదు. అంటే ముగ్గురు స్టార్లకు పెట్టాక బెంచ్‌కి మిగిలేది కనీస జీతం మీద వచ్చే పాతకాపులు, డ్రాఫ్ట్‌లో దొరికిన కుర్రాళ్ళు. 2024లో కప్పు కొట్టిన బోస్టన్ మరుసటి వేసవిలోనే జ్రూ హాలిడేనీ, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌నీ ఈ లెక్కల వల్లే వదులుకుంది.

అందుకే ఇప్పుడు బెంచ్‌ని కొనడం కంటే పెంచడం మీద పడ్డారు. లూ డోర్ట్‌ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. టూ-వే కాంట్రాక్టు (పెద్ద జట్టుకీ దాని చిన్న లీగ్ జట్టుకీ మధ్య తిరిగే ఒప్పందం) మీద థండర్‌లో చేరాడు. ఆ కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళు ప్లేఆఫ్స్ ఆడకూడదు కాబట్టి 2020లో మామూలు కాంట్రాక్టుకి మార్చారు. వెంటనే మొదటి రౌండ్ ఏడో మ్యాచ్‌లో 30 కొట్టాడు. 2025 కప్పు జట్టులో స్టార్టర్ అతను. కరూసో కూడా అలాంటి దారినే వచ్చినవాడు.

స్కోర్‌కార్డులో బెంచ్ పాయింట్లు చూస్తే సరిపోతుందా?

చాలదు. 20 పాయింట్ల తేడాతో తేలిపోయిన మ్యాచ్ ఆఖర్లో కొట్టినవీ అందులోనే కలుస్తాయి. ప్లస్-మైనస్ (ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపూ రెండు జట్ల స్కోరు తేడా) కొంత నయం, కానీ ఒక్క మ్యాచ్ ప్లస్-మైనస్ జాతకంలాంటిది, ఎలా కావాలంటే అలా చదువుకోవచ్చు. నేను చూసేది రెండో క్వార్టర్, నాలుగో క్వార్టర్ మొదటి నాలుగు నిమిషాలు. స్టార్ కూర్చునేది అప్పుడే. కూర్చున్నప్పుడు స్కోరు ఎంత, లేచినప్పుడు ఎంత, అది ఒక కాగితం మీద రాసుకోండి. సిరీస్ మూడో మ్యాచ్‌కల్లా మీకు టీవీ నిపుణులకంటే ఎక్కువ తెలుస్తుంది. ఇంకోటి, స్టార్ కూర్చున్నాక కోచ్ ఎంతసేపటికి గడియారం వైపు చూస్తున్నాడో గమనించండి. నాలుగు నిమిషాలనుకున్నవాణ్ణి రెండు నిమిషాలకే లేపాడంటే బెంచ్ మీద నమ్మకం పోయినట్టే.

స్టార్లు ఎవరికీ ఎక్కువ నిమిషాలు ఇవ్వకుండా కప్పు కొట్టిన జట్టు ఉందా?

2014 శాన్ ఆంటోనియో స్పర్స్. ఆ సీజన్‌లో వాళ్ళలో ఒక్కడు కూడా సగటున 30 నిమిషాలు ఆడలేదు. గెలిచింది మాత్రం 62 మ్యాచ్‌లు. కోచ్ గ్రెగ్ పోపొవిచ్ అక్టోబరు నుంచే జూన్ కోసం పొదుపు చేశాడు. ఫైనల్స్ మొదటి మ్యాచ్ రాత్రి శాన్ ఆంటోనియో స్టేడియంలో ఏసీలు ఆగిపోయాయి, లోపల ఉడుకు. నాలుగో క్వార్టర్‌లో లెబ్రాన్ కాలు పట్టేసి నడవలేక, తోటివాళ్ళు మోసుకెళ్తే బయటికెళ్ళాడు. స్పర్స్ మాత్రం మనుషుల్ని మారుస్తూ పోయి 110-95తో గెలిచారు. సిరీస్ 4-1. ఆఖరి మ్యాచ్ మూడో క్వార్టర్‌లో ప్యాటీ మిల్స్ బెంచ్ నుంచి వచ్చి 14 కొట్టాడు. మన మే నెల ఎండలో కరెంటు పోయినప్పుడు గల్లీ క్రికెట్ ఆడినవాళ్ళకు ఆ రాత్రి లెబ్రాన్ బాధ వేరే చెప్పక్కర్లేదు.

వారాల తరబడి దిగకుండా కూర్చున్నవాడు ఒక్కసారిగా ఎలా ఆడగలడు?

చాలామంది ఆడలేరు. ఆడగలిగినవాళ్ళు మాత్రం, ఆడినా ఆడకపోయినా రోజూ అదే ప్రాక్టీసు చేసేవాళ్ళు. మ్యాచ్‌కి రెండు గంటల ముందు ఖాళీ స్టేడియంలో ఒంటరిగా త్రీలు వేసుకునేది వీళ్ళే.

ఇందాక చెప్పిన కోచ్ స్టీవ్ కెర్, ఆటగాడిగా 2003లో స్పర్స్ బెంచ్ మీద ఉన్నాడు. 37 ఏళ్ళు, అదే ఆఖరి సీజన్. ఆ ప్లేఆఫ్స్‌లో దాదాపుగా ఆడనే లేదు. పశ్చిమ ఫైనల్స్ ఆరో మ్యాచ్, డల్లాస్‌లో. టోనీ పార్కర్‌కి తిన్నది పడక కడుపు చెడింది, నిలబడే ఓపిక లేదు. స్పర్స్ వెనకపడి ఉన్నారు. పోపొవిచ్ బెంచ్ చివరికి చూసి కెర్‌ని లేపాడు. కెర్ నాలుగు త్రీలు వేశాడు, నాలుగూ పడ్డాయి. స్పర్స్ 90-78తో గెలిచి ఫైనల్స్‌కి వెళ్ళారు.